మారిసెలా చూడని బంతి

1988 ఏప్రిల్ పదహారు, శనివారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది రెండు బీరాక్‌లు. క్యాబేజీ, ఉల్లిపాయ, గొడ్డుమాంసం కూరి కాల్చిన బన్నులవి. చేత్తో పట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉన్నాయి. వాటిని నాకు పెట్టిన మనిషి అంతకు కాసేపటి ముందే నన్ను అందరి ముందూ కడిగేసింది.

నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు. ఆస్‌గార్ కాలేజీలో అమ్మాయిల టెన్నిస్ జట్టుకి కోచ్‌గా కొత్తగా చేరాను. ఆ రోజు మిల్‌బర్న్ కాలేజీతో, వాళ్ళ కోర్టుల మీద మ్యాచ్. కాన్సస్‌లో ఏప్రిల్ అంటే గాలి. సర్వ్ కోసం బంతి పైకి ఎగరేస్తే పక్క కౌంటీలో పడుతుందేమో అనిపించే గాలి.

మా అమ్మాయి వెనకబడి ఉంది. అవతలి పిల్ల కొట్టిన సర్వ్ నెట్‌కి తగిలింది. రెండోదీ తగిలింది. నాకు ఆనందం ఆగలేదు. చప్పట్లు కొట్టాను.

కంచె పక్క నుంచి ఒకావిడ తిన్నగా నా దగ్గరికి నడిచి వచ్చింది. పొడుగు మనిషి. టోపీ కింద నుంచి వేలాడుతున్న గోధుమరంగు జడ, ఎండకి కమిలి పొట్టు లేచిన ముక్కు.

"మీరేనా కొత్త కోచ్?"

"అవునండీ. రస్ ఓస్ట్రమ్."

"జీనెట్ పెనర్, మిల్‌బర్న్ కోచ్‌ని. మీరు చప్పట్లు దేనికి కొట్టారు?"

"మా అమ్మాయికి పాయింటు వచ్చింది కదండీ."

"మీ అమ్మాయి ఏం చేసింది?"

ఆలోచించాను. "నిలబడింది."

"నిలబడినందుకు చప్పట్లు కొట్టాలంటే మా ఊళ్ళో ఆవులకి రోజంతా కొడుతూనే ఉండాలి."

పక్క కోర్టుల్లో ఉన్న అమ్మాయిలంతా ఆట ఆపి మరీ నవ్వారు. అందులో మా వాళ్ళు కూడా ఉన్నారు. అది నాకు ఎక్కువ బాధ కలిగించింది.

అంతలో వాన నన్ను కాపాడింది. పెద్ద పెద్ద చినుకులతో ఒక్కసారిగా కురిసి, ఎవరో పిలిచినట్టు అంతే తొందరగా వెళ్ళిపోయింది. అమ్మాయిలు వ్యాన్లలో దూరారు. కోర్టుల మీద నీళ్ళు నిలిచాయి. జీనెట్ గదిలోంచి రెండు పొడవాటి నీళ్ళ తోపుడు కర్రలు తెచ్చి, ఒకటి నా చేతిలో పెట్టింది.

"మీకు నిలబడటం ఇష్టమని తెలుసు. అయినా ఇది పట్టుకోండి."

ఇద్దరం కలిసి నీళ్ళు తోశాం. ఆవిడ ఒక గీత పట్టుకుని తిన్నగా వెళ్తుంటే, నేను తోసిన నీళ్ళన్నీ ఆవిడ బూట్ల మీదికే వెళ్ళాయి. మొదటిసారి పొరపాటున. తర్వాతవి అంత పొరపాటున కాదు.

"ఓస్ట్రమ్ గారూ, మీరు కోర్టు ఆరబెడుతున్నారా, నాకు స్నానం చేయిస్తున్నారా?"

పని అయ్యాక కూలర్ తెరిచి, కాగితంలో చుట్టిన రెండు బన్నులు ఇచ్చింది. "నేను తిట్టినవాళ్ళకి నేనే తిండి పెడతాను. మా అమ్మ నేర్పిన పద్ధతి."

"అయితే ఇంకో నాలుగు తిట్లు తిట్టండి. ఆకలిగా ఉంది."

అప్పుడు నవ్వింది. ఆ మ్యాచ్‌లో మేము ఓడిపోయాం. నాకు ఆ సంగతి మర్నాడు గానీ గుర్తు రాలేదు.

*

మా చిన్న కాలేజీల మ్యాచ్‌లకి అంపైర్లు ఉండేవారు కాదు. ఇప్పటికీ చాలాచోట్ల ఉండరు. ఎవరి వైపు పడిన బంతి గురించి వాళ్ళే చెప్పాలి, లోపలా బయటా అని. బయట పడటం స్పష్టంగా చూస్తేనే వేలెత్తాలి. ఏమాత్రం అనుమానం ఉన్నా అది లోపల పడినట్టే. చెప్పడానికి సులువుగానే ఉంటుంది. మూడు గంటలు ఎండలో ఆడి, అలిసిపోయి ఉన్నప్పుడు, మన వైపు పడిన బంతిని మనమే ఎదుటివాళ్ళకి ఇచ్చెయ్యాలంటే ఎంత కష్టమో ఆడినవాళ్ళకి తెలుసు.

మిగతా కోచ్‌లు సర్వ్ నేర్పేవారు, కాళ్ళ కదలిక నేర్పేవారు. జీనెట్ వాటితో పాటు గీత దగ్గర నిజం చెప్పడం కూడా సాధన చేయించేది. ఒకమ్మాయి వేలెత్తగానే ఆవిడ అడిగేది ఒకటే. "చూశావా, అనుకున్నావా?"

ఆ కాలేజీ ఆవిడకి కోచ్‌గా ఇచ్చేది సగం జీతమే. మిగతా సగానికి ఈత క్లాసులు చెప్పేది. జట్టు వ్యాన్ తనే నడిపేది, రాకెట్లకి తీగలు తనే బిగించేది, పిల్లల స్కర్టులు తనే ఉతికేది. పశ్చిమ కాన్సస్‌లో టెన్నిస్ కోర్టు ఒక్కటే ఉన్న ఊళ్ళకి వెళ్ళి, గోడకి బంతి కొట్టుకునే పిల్లల్ని వెతికి తెచ్చేది. మారిసెలా అనే అమ్మాయి అలా దొరికిన పిల్లే. తండ్రి మాంసం ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ పిల్ల.

మా రెండు కాలేజీలకి మధ్యలో హైవే పక్కన ఒక భోజనశాల ఉండేది. గురువారాలు మేమిద్దరం అక్కడ కలిసేవాళ్ళం. ఎవరికీ తెలియదనుకునేవాళ్ళం. మా కార్లు రెండూ బయట పక్కపక్కనే, కాలేజీ స్టిక్కర్లతో సహా నిలబడి ఉండేవి.

"నీ జట్టులో నంబర్ వన్‌గా ఎవర్ని ఆడిస్తున్నావు శనివారం?" అని అడిగేవాణ్ణి.

"గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కుక్కపిల్లలా కళ్ళు చేసుకుని అడిగితే చెప్పేస్తాననుకున్నావా?"

"ముద్దు పెడితే?"

"ముద్దు తీసుకుంటాను. పేరు చెప్పను."

1990 వసంతంలో ఒక రోజు వాన వెలిశాక, ఇద్దరం నీళ్ళు తోస్తున్నప్పుడు అడిగేశాను. "జీనెట్, మనం పెళ్ళి చేసుకుందామా?"

ఆవిడ కర్ర ఆపలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"సీజన్ మధ్యలో అడుగుతావేంటి? నా బుర్ర ఖాళీ లేదు. సీజన్ అయ్యాక అడుగు."

"అప్పుడు ఒప్పుకుంటావా?"

"అడిగి చూడు. అంతవరకూ ఆ మూల వదిలేసిన నీళ్ళ సంగతి చూసుకో."

ఆ మూల నీళ్ళు తోస్తూ నేను పాట పాడాను. మా అమ్మాయిలు వ్యాన్ అద్దాలు దించి మరీ విన్నారు.

*

ఆ ఏడాది మా చుట్టుపక్కల కాలేజీల కాన్ఫరెన్స్ టైటిల్ కోసం చివరికి మిగిలింది మా రెండు జట్లే. గెలిచిన జట్టు జాతీయ టోర్నమెంటుకి వెళ్తుంది. ఆ రోజు రెండు జట్లూ చెరి మూడు ఆటలు గెలిచి సమానంగా ఉన్నాయి. అన్ని కోర్టులూ ఖాళీ అయిపోయాయి, ఒక్కటి తప్ప. అక్కడ మారిసెలా, మా కెల్సీ ఆడుతున్నారు. రెండు ఊళ్ళ జనం కంచెకి అతుక్కుపోయి నిలబడ్డారు.

మారిసెలాకి మ్యాచ్ పాయింట్, ఇంకొక్కటి వస్తే గెలుపు. కెల్సీ బంతిని బలంగా, లోతుగా కొట్టింది. అది కోర్టు చివరి గీత దగ్గర పడి దుమ్ము లేపింది. మారిసెలా వేలెత్తింది. అవుట్.

మిల్‌బర్న్ జనం పెద్దగా అరిచారు. ఎవరో టోపీ పైకి ఎగరేశారు. నేను అవతలి చివర ఉన్నాను. అక్కడి నుంచి నాకు కనిపించింది దుమ్ము మాత్రమే.

జీనెట్ ఆ గీతకి దగ్గర్లోనే ఉంది. చేతులు ఎత్తలేదు, అరవలేదు. ఆ కేకల మధ్య మారిసెలాని మామూలు గొంతుతోనే అడిగింది.

"చూశావా, అనుకున్నావా?"

మారిసెలా వేలు ఇంకా పైనే ఉంది. ఆ పిల్ల ముఖంలో రంగు మారడం నాకు అంత దూరం నుంచీ తెలిసింది. వేలు మెల్లగా కిందికి దిగింది.

"చూడలేదు కోచ్."

"అయితే?"

"లోపల." ఆ పిల్ల నెట్ వైపు తిరిగి, కెల్సీకి వినపడేలా ఇంకోసారి చెప్పింది. "లోపల పడింది. పాయింటు నీది."

ఆ తర్వాత మారిసెలా ఒక్క గేమ్ కూడా గెలవలేదు. టైటిల్ మాకొచ్చింది. మా అమ్మాయిలు నన్ను నీళ్ళతో తడిపేశారు. నేను తల తుడుచుకుంటూ అటు చూస్తే, జీనెట్ బెంచీ మీద మారిసెలా పక్కన కూర్చుని ఉంది. ఆ పిల్ల వీపు మీద చెయ్యి ఉంచింది, అంతే.

*

భోజనశాల బయట నిలబడిన మా రెండు కార్ల సంగతి ఆ రోజే అందరికీ గుర్తొచ్చింది.

మంగలి షాపులో అన్నారు, చర్చి మెట్ల మీద అన్నారు. "ప్రియుడికి కప్పు కట్నంగా ఇచ్చింది." "పాపం ఆ పిల్లకేం తెలుసు, కోచ్ కళ్ళతో బెదిరించింది." కాలేజీ క్రీడల డైరెక్టరు ఆవిణ్ణి పిలిచి, తలుపు వేసి మరీ అడిగాడు. జీనెట్ ఆయనకి చెప్పింది ఒకటే. "నేను బంతిని చూశాను. కానీ లోపల అన్న మాట నేను చెప్పలేదు. ఆ పిల్లే చెప్పింది."

సీజన్ అయ్యాక నేను అడిగాను. అన్న మాట ప్రకారం.

హైవే పక్కన అదే భోజనశాలలో కూర్చున్నాం. ఆవిడ ముందున్న ఆపిల్ పై ముక్క ముట్టకుండా అలాగే ఉంది.

"రస్, ఆ పిల్ల ఆ రోజు ఏం చేసిందో నీకు తెలుసా?"

"తెలుసు."

"ఇరవై ఏళ్ళ పిల్ల. రెండు ఊళ్ళ జనం చూస్తుండగా చేతిలోకి వచ్చిన గెలుపు వదిలేసింది. ఊళ్ళో దాన్ని నిజం అనడం లేదు. నేను నీ కోసం ఆడించిన నాటకం అంటున్నారు. రేపు నేను నిన్ను చేసుకున్నాననుకో. ఆ పిల్ల చెప్పింది ఇక ఎప్పటికీ నిజం కాదు. నా పెళ్ళికానుక అయిపోతుంది."

"జనం నాలుగు రోజులు అంటారు, మర్చిపోతారు."

"ఈ ఊరు నీకు తెలియదు. ఇక్కడ 1951లో గడ్డివాము తగలబెట్టినవాడి మనవణ్ణి ఇప్పటికీ అగ్గిపెట్టె అని పిలుస్తారు."

నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వాం. నవ్వుతుండగానే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మారిసెలా చదువు అయ్యేదాకా ఆగుతాను," అన్నాను.

"ఆగమని నేను అడగను రస్. అడిగితే నువ్వు ఆగుతావు. అదే భయం."

ఆగాను. రెండేళ్ళ తర్వాత ఫోన్ చేస్తే, మారిసెలా చదువు అయిపోయిందనీ, తన దగ్గరే అసిస్టెంట్‌గా చేరిందనీ చెప్పింది. ఆ పిల్ల రోజూ అదే ఊళ్ళో, ఆ మనుషుల మధ్యే తిరగాలి. ఇక పెళ్ళి మాట లేనట్టేనని జీనెట్ విడిగా చెప్పలేదు. నేనూ అడగలేదు. ఫోన్‌లో చాలాసేపు ఇద్దరం గాలి చప్పుడు విన్నాం, ఆవిడ కిటికీలోదో నా కిటికీలోదో తెలియలేదు.

ఆ వేసవిలో నాకు నెబ్రాస్కాలో ఉద్యోగం వచ్చింది. అక్కడ ఐరీన్ పరిచయమైంది. మందుల షాపులో పనిచేసేది, టెన్నిస్ అంటే బొత్తిగా తెలియదు. జీనెట్ సంగతి మొదట్లోనే చెప్పాను. "అంత మంచి మనిషి వదిలేస్తే నాకు దొరికావన్నమాట, ఆవిడకి థాంక్స్ చెప్పాలి," అంది. మాది మంచి కాపురం. చివరి నెలల్లో ఐరీన్‌కి ఆస్పత్రిలో మేపుల్ చెట్టు కనిపించే కిటికీ ఉన్న గది దొరికింది. ఆ కిటికీకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. ఐరీన్ పోయి నాలుగేళ్ళయింది.

ఇన్నేళ్ళూ జీనెట్ గురించి దూరం నుంచి వింటూనే ఉన్నాను. కాన్ఫరెన్స్ టైటిళ్ళు గెలిచింది. రెండు పెద్ద యూనివర్సిటీలు పిలిస్తే వెళ్ళలేదట. ఎందుకని ఎవరో అడిగితే, "అక్కడ ప్రతి కోర్టుకీ అంపైర్ ఉంటాడు. ఇక నాకేం పని?" అందట. పెళ్ళి చేసుకోలేదు.

*

పోయిన ఏప్రిల్‌లో నాకో ఫోన్ వచ్చింది.

"కోచ్ ఓస్ట్రమ్? నేను మారిసెలా. కోచ్ పెనర్ రిటైర్ అవుతున్నారు. శనివారం ఆఖరి హోమ్ మ్యాచ్. మీరు రావాలి."

"ఆవిడ పిలవమందా?"

"ఆవిడ పిలవమంటే నేనెందుకు ఫోన్ చేస్తాను? ఆవిడే చేస్తారు. నేను పిలుస్తున్నాను."

వెళ్ళాను. మ్యాచ్ అయ్యాక చాలామంది పాత అమ్మాయిలు జీనెట్ చుట్టూ చేరి ఫోటోలు దిగారు. ఇప్పుడు వాళ్ళు అమ్మాయిలు కారు, కొందరు అమ్మమ్మలు కూడా. జీనెట్ జడ తెల్లగా అయిపోయింది. చేతిలో ఊతకర్ర. నన్ను చూసి, కర్ర ఎత్తి వేలెత్తినట్టు చూపించింది.

"ఓస్ట్రమ్! నిలబడే ఉన్నావా ఇంకా?"

"కాళ్ళు ఇంకా మాట వింటున్నాయి."

మారిసెలా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు తను టెక్సాస్‌లో ఒక పెద్ద యూనివర్సిటీ అమ్మాయిల జట్టుకి కోచ్.

"మీ జుట్టేది కోచ్?"

"నెబ్రాస్కా గాలి పట్టుకుపోయింది."

జనం పల్చబడ్డాక మేం ముగ్గురమే కోర్టు పక్క బెంచీ మీద మిగిలాం. మారిసెలా కాసేపు బూట్ల తాడు కట్టుకుంటూ కూర్చుంది. కట్టాల్సిన అవసరం లేని తాడు. తర్వాత తలెత్తకుండానే అడిగింది.

"మీరిద్దరూ ఎందుకు పెళ్ళి చేసుకోలేదు?"

నేను జీనెట్ వైపు చూశాను. ఆవిడ కోర్టు వైపు చూసింది.

"అదంతా ఇప్పుడెందుకే?"

"నాకు కావాలి. నేను చేసిన పని వల్ల టైటిల్ పోయింది. ఆ కోపంతో మీరు ఈయన్ని వదిలేశారనుకున్నాను. నా వల్లే మ్యాచ్ పోయింది, నా వల్లే మీ పెళ్ళీ పోయింది అనుకుంటూ ఇన్నేళ్ళు బతికాను. మీ దగ్గర అసిస్టెంట్‌గా చేరింది కూడా అందుకే. మీరు ఒంటరిగా ఉండకూడదని."

జీనెట్ నెమ్మదిగా ఆమె వైపు తిరిగింది. "నీ మీద కోపమా? నీ మాట మీద మచ్చ పడకూడదని వదులుకున్నాను. ఈయన్ని చేసుకుంటే నువ్వు చెప్పిన నిజాన్ని ఊరంతా నాటకం అంటుందని."

మారిసెలా బూటు తాడు వదిలేసి తలెత్తింది.

"ఊరు అంటే నాకేం? ఆ బంతి నేను చూడలేదని నాకు తెలుసు. నాకది చాలు. ఈయన్ని చేసుకోమని నేనే చెప్పేదాన్ని, పెళ్ళిలో మొదటి వరసలో కూర్చునేదాన్ని." కోర్టు కేసి చెయ్యి చూపించింది. "ఆ రోజు కోర్టు మీద నన్ను అడిగారు కదా కోచ్. ఈ ముక్క కూడా ఒక్కసారి అడగొచ్చు కదా."

జీనెట్ కర్ర మీద రెండు చేతులూ పెట్టి, వాటి మీద గడ్డం ఆనించి కూర్చుంది. మారిసెలా ఆవిడ భుజం మీద తల పెట్టింది. నేను చూపు పక్కకి తిప్పుకున్నాను. అవతల కొత్త పిల్లలు బంతులు ఏరుతూ ఏదో విషయానికి నవ్వుకుంటున్నారు. వాళ్ళు నవ్వుతుండటం మా ముగ్గురికీ మేలే చేసింది.

*

మారిసెలా సాయంత్రం విమానానికి వెళ్ళిపోయింది. నేను కారు తాళాలు తీస్తుంటే జీనెట్ ఆకాశం చూసింది.

"ఉత్తరాన వడగళ్ళంటున్నారు. ఈ పూట ఎక్కడికి పోతావు? నా ఇంట్లో గది ఉంది."

"ఊళ్ళో ఏమైనా అంటారేమో."

"ఎవరంటారు? అనేవాళ్ళందరూ సమాధుల్లో ఉన్నారు. పోయి అడిగిరా కావాలంటే."

వంటింట్లో టమాటో సూప్ వేడిచేసింది. మంగళవారం తుంటి ఆపరేషనని, వ్యాన్లో గడిపిన సంవత్సరాలన్నీ ఆ తుంటిలో చేరాయని చెప్పింది. తోడు ఎవరుంటారని అడిగితే, ఆస్పత్రివాళ్ళుంటారంది.

"నేనుంటాను."

"నీకు ఇంట్లో పని లేదా?"

"కుక్క కూడా లేదు."

గిన్నె కేసి చూస్తూ అడిగింది. "రస్, నువ్వెప్పుడైనా అనుకున్నావా? ఆ పాయింటు నీకోసం ఇప్పించానని?"

"నువ్వా? నాకా? రెండేళ్ళు వరసగా అడిగితే నంబర్ వన్ ఎవరో చెప్పని మనిషివి."

నవ్వింది. నవ్వు ఆగాక కూడా చెంచా కదపలేదు.

"మారిసెలాని అడగాలని నాకు తోచనే లేదు. అందర్నీ అడిగాను జీవితమంతా. ఆ ఒక్కటీ నేనే అనుకున్నాను, నేనే తేల్చేశాను." గిన్నె పక్కకి జరిపింది. "ఐరీన్ నిన్ను బాగా చూసుకుందా?"

"చాలా బాగా."

"అయితే కొంత నయం."

ఆ మాట ఆవిడ ఎంత కష్టపడి అందో, ఎంత మనస్ఫూర్తిగా అందో నాకు తెలుసు. బల్ల మీద ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. రాకెట్ తీగలు బిగించి బిగించి వేళ్ళకి కణుపులు తేలాయి. ఒకప్పుడు ఈ చేతిని రోజూ పట్టుకుని, ఈ కణుపులు ఒక్కొక్కటే తేలడం చూస్తూ ముసలివాణ్ణి కావచ్చనుకున్నాను. అవి నేను లేకుండానే తేలాయి. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

పక్క గదిలో మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. దారి అలసట వల్ల బట్టలు మార్చకుండానే పడుకున్నాను. దీపం ఆర్పడం మర్చిపోయాను. నిద్ర పట్టలేదు, కళ్ళు మాత్రం మూసుకున్నాను. బయట వాన మొదలైంది.

కర్ర చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఆవిడ లోపలికి వచ్చి, దీపం ఆర్పి, నా కాళ్ళ మీదికి దుప్పటి లాగింది. ఒక్క క్షణం అక్కడే నిలబడింది. నేను కళ్ళు తెరవలేదు. తెరిస్తే ఇద్దరిలో ఎవరో ఒకరం ఏదో మాట్లాడాల్సి వచ్చేది.

తర్వాత బయటికి వెళ్ళి, గొళ్ళెం చప్పుడు కాకుండా వేలితో పట్టుకుని, మెల్లగా తలుపు మూసింది.